అజరయ్యగారు ఇంగ్లీషువాళ్లు కూర్చోబెట్టిన బొమ్మ బిషపేనా?

మీరు అడిగినవి మూడు సంగతులు. పాస్టరుగా చేరినవాడు బిషప్ కావాలంటే ఏయే మెట్లు ఎక్కాలి? ఇంగ్లండు నుంచి వచ్చిన ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ అయిన దోర్నకల్ అజరయ్యగారు డిగ్రీ పూర్తి చేయకుండా, గురువు (పాస్టరు) పట్టా పుచ్చుకున్న మూడేళ్లకే బిషప్ ఎలా అయ్యారు? "ఇంగ్లీషువాళ్లు పేరుకి ఒక భారతీయుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టారు, అంతే" అని మీ లెక్చరరుగారు అన్నమాట నిజమేనా? చివర్లో, ఈ జనవరిలో దోర్నకల్ చూడబోతున్నాననీ రాశారు.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా పాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అందులో సగం ఖమ్మం, మానుకోట వైపు పల్లెల్లోనే గడిచింది. చరిత్ర ప్రొఫెసరును కాను. కానీ అజరయ్యగారి పేరు వినకుండా మా ఇంట్లో ఒక్క కోతల పండుగ కూడా జరగలేదు, ఆయన మీద దొరికినదల్లా చదివాను.

మెట్ల సంగతి చిన్నది, ముందు అది తేల్చేస్తాను. ఆంగ్లికన్ పద్ధతిలో పట్టాలు మూడే: డీకన్, గురువు (మన వాడుకలో ప్రెస్బిటర్), బిషప్. పాత ప్రార్థనల పుస్తకం ప్రకారం డీకన్ కావడానికి 23 ఏళ్లు, గురువు కావడానికి 24, బిషప్ కావడానికి 30 నిండాలి. ఆర్చిడీకన్, డీన్, కేనన్ లాంటివి పదవులేగాని పట్టాలు కావు. బిషప్‌ను చేయాలంటే కనీసం ముగ్గురు బిషప్పులు తలమీద చేతులుంచాలి. ఎంపిక పద్ధతి మాత్రం దేశానికొకటి. ఇంగ్లండులో ఒక కమిషన్ పేరు సూచిస్తే అది ప్రధానమంత్రి ద్వారా రాజుగారికి వెళుతుంది. మన సి.ఎస్.ఐ.లో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) కౌన్సిల్ ఓట్లేసి కొన్ని పేర్లు పైకి పంపుతుంది, అందులోంచి ఒకరిని సినడ్ (మొత్తం సి.ఎస్.ఐ. పెద్దసభ) తరఫున ఖాయం చేస్తారు. గుమాస్తా నుంచి తాసిల్దారుదాకా ఎదిగినట్టు ఇన్నేళ్ల సర్వీసుకి బిషప్ అనే లెక్క ఎక్కడా లేదు. కాబట్టి "మూడేళ్లకే" అన్నది చట్టప్రకారం తప్పేమీ కాదు. ఆ మూడేళ్ల వెనక ఏముంది అన్నదే అసలు ప్రశ్న.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలో వెళ్లాలన్‌విళై అనే ఊళ్లో పుట్టారు. తెలుగువాడు కాదు, తమిళుడు, నాడార్ కుటుంబం. తండ్రి థామస్ వేదనాయగం ఆ పల్లెలో ఆంగ్లికన్ గురువు. చాలా ఏళ్లు కొడుకు లేక, ప్రార్థించి కన్న బిడ్డ గనుక సమూయేలు పేరు పెట్టుకున్నారు. బైబిల్లో సమూయేలు తల్లి హన్నా కథ తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ. చదువుతూ పరీక్షల వేళకు జబ్బుపడ్డారు. మళ్లీ వెళ్లి రాయలేదు. ఆ బి.ఏ. లేనివాడికే తర్వాత కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పరీక్ష తప్పిన మా సండేస్కూలు పిల్లలకు ఈ సంగతి చెబుతుంటాను. వాళ్ల తల్లులకు నచ్చదు.

1895 నుంచి 1909 దాకా, అంటే పద్నాలుగేళ్లు, ఆయన వై.ఎం.సి.ఏ. (క్రైస్తవ యువకుల సంఘం)లో సెక్రటరీ. దక్షిణాది అంతా తిరిగే ఉద్యోగం. షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికన్ ఆయనకు అక్కడ దొరికిన స్నేహితుడు. ఇద్దరూ ఒకే ఈడువాళ్లు, కలిసి ప్రయాణాలు చేసి, కలిసి తిని, పోట్లాడుకున్నవాళ్లు. ఈ స్నేహాన్ని గుర్తుపెట్టుకోండి, ఎడింబరో దగ్గర పనికొస్తుంది.

1902లో ఆయన శ్రీలంకలోని జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ మనుషులతో వేరేచోట సువార్త పని నడుపుకుంటున్నారు. తిరునల్వేలిలో అంతకంటే పెద్ద సంఘం ఉంది, కానీ అన్నింటికీ ఇంగ్లండు నుంచి వచ్చే మనియార్డరు కోసమే చూస్తుంది. ఆ సిగ్గుతోనే తిరిగొచ్చారు. 1903 ఫిబ్రవరిలో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. 1905 క్రిస్మస్ రోజున బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో, పాత మిషనరీ విలియం కేరీ పేరున్న లైబ్రరీలో, నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. రెంటి వెనకా ఆయనే. డబ్బు మనది, మనుషులు మనవాళ్లు, పెత్తనం మనది. స్వదేశీ ఉద్యమం నడుస్తున్న రోజులు. చర్చిలో స్వదేశీ అంటే ఇదేనని నా లెక్క.

ఆ తిరునల్వేలి సొసైటీ తన పనికి ఎంచుకున్న చోటే నిజాం రాజ్యంలో మూలకున్న దోర్నకల్. సింగరేణి బొగ్గు లైను వచ్చి కలిసే రైలు జంక్షను తప్ప అప్పుడక్కడ చెప్పుకోదగ్గదేమీ లేదు. ఊరూరా జనాన్ని "వెళ్లండి, వెళ్లండి" అని పంపిస్తున్న సెక్రటరీగారికి చివరికి "మరి నేనెందుకు వెళ్లను?" అనిపించింది. 1909లో వై.ఎం.సి.ఏ. ఉద్యోగం వదిలేశారు, అదే ఏడు డీకన్, ఆ వెంటనే గురువు పట్టా పుచ్చుకుని దోర్నకల్ వచ్చారు. అప్పటికి ముప్ఫై అయిదేళ్లు. భార్య అన్బు మరియమ్మాళ్ ఆ రోజుల్లోనే కాలేజీ చదువు చదివిన మనిషి. ఇద్దరూ ఆ వయసులో కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దుకున్నారు. కాబట్టి "మూడేళ్ల గురువు" అనే లెక్క కాగితం మీదే. అసలు సర్వీసు పదిహేడేళ్లది.

ఇప్పుడు ఎడింబరో. 1910 జూన్‌లో స్కాట్లండులోని ఆ ఊళ్లో ప్రపంచ మిషనరీ మహాసభ. సుమారు 1,200 మంది ప్రతినిధుల్లో ఆసియావాళ్లు ఇరవై మంది కూడా లేరు. అజరయ్యగారిని పరదేశ, స్వదేశ పనివాళ్ల మధ్య సహకారం గురించి మాట్లాడమన్నారు. మాట్లాడారు. మిషనరీలకూ భారతీయ పనివాళ్లకూ మధ్య మర్యాద ఉందిగాని స్నేహం లేదనీ, పెద్దరికం చూపించే గాలి ఇంకా పోలేదనీ మొహమ్మీదే చెప్పారు. చివరి మాటల సారం ఇది: మీరు చేసిన త్యాగాలకు భారతీయ సంఘం తరతరాలు కృతజ్ఞతగా ఉంటుంది, బీదలకు మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాలను కాల్చబడడానికి అప్పగించారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదమూడో అధ్యాయం కంఠతా వచ్చినవాళ్లకు ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. ప్రేమ లేనివాడనైతే నాకు ప్రయోజనమేమియు లేదు అని ఆ వాక్యం అక్కడే ముగుస్తుంది మరి. సభలో కొందరికి కోపమొచ్చింది. బొమ్మగా పెట్టుకోవడానికి మనిషిని వెతికేవాడు ఇలాంటి నోరున్నవాణ్ణి ఎంచుకోడు. లెక్చరరుగారికి నా మొదటి జవాబు ఇదే.

అయినా లెక్చరరుగారి మాటలో నిజం లేకపోలేదు, ఉంది. అజరయ్యగారిని ప్రజలు ఎన్నుకోలేదు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి చేయించిన పని అది. దక్షిణాది గ్రామదేవతల మీద పుస్తకం రాసిన వైట్‌హెడ్ ఈయనే. తెలుగు పల్లెల్లో వందలు, వేలుగా జనం బాప్తిస్మం అడుగుతుంటే మద్రాసులో కూర్చున్న ఇంగ్లీషు బిషప్ వల్ల కాదని ఆయనకు అర్థమైంది. వ్యతిరేకించినవాళ్లు తక్కువ కాదు. తెల్ల గురువులు నల్ల బిషప్ కింద పనిచేయాలా అనేది పైకి అనని అభ్యంతరం. భారతీయ క్రైస్తవుల్లోనూ, ఇంకా సమయం రాలేదన్నవాళ్లున్నారు, కులం, భాష లెక్కలు తీసినవాళ్లున్నారు. అందరి కళ్లముందూ ఆఫ్రికా ఉదాహరణ ఒకటి ఉంది. 1864లో శామ్యూల్ క్రౌథర్‌ను మొదటి ఆఫ్రికన్ ఆంగ్లికన్ బిషప్‌గా చేశారు. ఆయన ముసలితనంలో కుర్ర ఇంగ్లీషు మిషనరీలు వచ్చి ఆయన పనివాళ్లను తీసేసి, అధికారం లాగేశారు. 1891లో ఆయన పోయాక ఆ పదవిలో మళ్లీ తెల్లవాణ్ణే పెట్టారు. ఒకే కథను కొందరు "చూశారా, నల్లవాడి వల్ల కాదు" అన్నారు, కొందరు "చూశారా, వాళ్లు కానివ్వరు" అన్నారు.

చివరికి మధ్యేమార్గం పట్టారు. ఎక్కువమంది తెల్లవాళ్లు లేని చిన్న ముక్కను డయాసిస్‌గా కోసి, అజరయ్యగారిని దానికి బిషప్‌గానూ, మద్రాసు బిషప్‌కు సహాయ బిషప్‌గానూ పెట్టారు. 1912 డిసెంబరు 29, ఆదివారం, కలకత్తా సెయింట్ పాల్ కేథడ్రల్లో బిషప్పులు ఆయన తలమీద చేతులుంచారు. ముప్ఫై ఎనిమిదేళ్లవాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. కానీ ఆ రోజుకి ఆయన రాజ్యం ఎంత? జిల్లా మొత్తానికి కలెక్టరని చెప్పి ఒక ఫిర్కా చేతిలో పెట్టినంత. అక్కడితో కథ ఆగిపోయి ఉంటే మీ లెక్చరరుగారి మాటకే నేనూ సంతకం పెట్టేవాణ్ణి.

ఆగలేదు. 1920-21 వచ్చేసరికి మచిలీపట్నం, బెజవాడ, ఏలూరు వైపు సంఘాలు, కడప, కర్నూలు, నంద్యాల వైపు సంఘాలు దోర్నకల్లో కలిశాయి. మచిలీపట్నం అంటే రాబర్ట్ నోబుల్ 1843లో బడి పెట్టిన చోటు, ఎనభై ఏళ్ల పాత మిషను, ఇంగ్లీషు గురువులు, కాలేజీలు, తమ పద్ధతులు తమకున్న జనం. అలాంటివాళ్లు ఒక తమిళుడి కిందికి వచ్చారు. వాళ్ల మధ్య ఆయన పాతికేళ్లు నెగ్గుకొచ్చాడంటే అది ఎవరో ఇచ్చిన కుర్చీ బలం కాదు.

మరి ఏం చేశారు? తిరిగారు. ఎడ్లబండి మీద, నడిచి, పల్లె తర్వాత పల్లె. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కులాలవాళ్లు, ఊరి బావి దగ్గరికి రానివ్వని జనం. పల్లెల్ని పట్టుకున్న నాలుగు దయ్యాలని ఆయన చెప్పేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ఆయన పద్ధతి ఒకటుంది. బాప్తిస్మం పొందినవాళ్లు తమ తలమీద తామే చెయ్యి పెట్టుకుని తనతోపాటు అనాలి: "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి. సువార్త ప్రకటింపకపోయిన నాకు శ్రమ." ఒక్కసారి ఊహించండి. నిన్నటిదాకా దొర ఎదురుపడితే తలపాగా తీసి చంకలో పెట్టుకున్నవాడు, ఇవాళ తడి జుట్టు మీద తన చేతినే పెట్టుకుని, పౌలు అపొస్తలుడి మాట తన మాటగా చెబుతున్నాడు. బిషప్‌కి ముగ్గురు బిషప్పులు చేతులుంచితే, వీడికి వీడి చెయ్యే. నేను కూడా కొన్నాళ్లు అలా చేయించాను. మొదట నవ్వుతారు, "నాకు శ్రమ" అనే చోట గొంతు తగ్గుతుంది.

రెండోది కానుక. కానుకల మీద ఆయన పుస్తకమే రాశారు. బీదవాళ్లు కదా, వాళ్లనేం అడుగుతాం అన్న జాలి ఆయనకు గిట్టేది కాదు. ఇవ్వగలిగినవాడే తలెత్తుకుంటాడని ఆయన లెక్క. మా నాయనమ్మ పొయ్యి పక్కన ఒక చిన్న ముంత ఉండేది. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి అందులో వేసేది. పండగైనా, పస్తు తప్పించుకున్న రోజైనా అంతే. ఆదివారం ఆ ముంత చెంగు కింద పెట్టుకుని గుడికి పోయేది. ఓసారి నేను అందులోంచి గుప్పెడు తీసి కోడిపిల్లలకు వేశాను. దెబ్బలు తినలేదుగాని, ఆ పూట మా ముగ్గురు పిల్లల కంచాల్లో తగ్గించి ముంత నింపింది. ఇక కోతల పండుగనాడు గుమ్మడికాయలు, కోళ్లు, ధాన్యం బస్తాలు గుడి ముందు వేలం. ఇవన్నీ మా జిల్లాల్లో ఎంత పాతుకుపోయాయంటే, ఇవి ఒక బిషప్ నూరిపోసిన అలవాట్లని ఇప్పటి పిల్లలకు తెలీదు.

లెక్కలూ చెబుతాను. 1924లో దోర్నకల్ డయాసిస్‌లో ఇంగ్లీషు గురువులు 8 మంది, భారతీయ గురువులు 53 మంది. 1936 నాటికి సభ్యుల సంఖ్య సుమారు 2,25,000. జపాన్, కొరియా, చైనా మూడింట్లోనూ కలిపి ఆంగ్లికన్లు అంతమంది లేరు. వేలమంది పల్లె ఉపదేశకులు. అందులో చాలామంది అయిదో తరగతి, ఏడో తరగతి చదివిన దంపతులు: మొగుడు రాత్రిబడి, భార్య పగటిబడి. ఆయన పేరు పెట్టుకున్న ఆడపిల్లల హైస్కూలు విజయవాడలో ఇప్పటికీ ఉంది.

అన్నీ మంచే చెబితే మీరు నమ్మరు, నమ్మక్కర్లేదు కూడా. మాల, మాదిగల మధ్య గోడ ఆయన పడగొట్టాలని చూశారు, పూర్తిగా పడలేదు. నేను పనిచేసిన ఒక ఊళ్లో రెండు పేటలకు రెండు గుళ్లుండేవి. ఒకే పాత్రలో ప్రభురాత్రి భోజన సంస్కారం (రొట్టె, ద్రాక్షారసం) పుచ్చుకోవడానికి రెండేళ్లు పట్టింది. 1930లలో గాంధీగారితో పేచీ వచ్చింది. గుంపులు గుంపులుగా మతం మారడం ఆత్మ సంగతి కాదు, ఆశ సంగతని గాంధీగారి వాదన. మారినవాళ్ల బతుకులు చూడండి, ఆ మార్పు చూసే పై కులాలవాళ్లు కూడా వస్తున్నారని అజరయ్యగారి జవాబు. అదే మనిషి క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. మతాన్ని ఓట్ల లెక్కగా మారిస్తే సంఘం చస్తుందని ఆయన భయం. అంటే ఇంగ్లీషువాడు ఇస్తానన్న రాజకీయ ముక్కను వద్దన్నాడు, గాంధీగారు వద్దన్న పనిని మానలేదు. ఇద్దరికీ కావాల్సినవాడు కాలేదు. గాంధీగారి అనుమానంలో కొంత నిజముందని నేను అనుకుంటాను. ఆశతో వచ్చినవాళ్లను నేనూ చూశాను. కానీ ఊరిబావిలో నీళ్లు తోడుకోవాలన్న ఆశ ఆత్మ సంగతి కాదని అనగలిగినవాడు ఎన్నడూ దాహంతో ఆ బావి పక్కన నిలబడలేదని కూడా అనుకుంటాను.

ఇంకో పెద్ద పని సంఘాల ఐక్యత. 1919 మే నెలలో తమిళనాట తరంగంబాడిలో ముప్ఫైమందికి పైగా కూడి, దక్షిణాది సంఘాలన్నీ ఒకటి కావాలని ప్రకటన ఇచ్చారు. దాదాపు అందరూ భారతీయులే. ఆ సభ వెనక కూడా ఆయనే. ఇంగ్లండులో ఎప్పుడో ఎవరో పోట్లాడుకుంటే ఖమ్మంలో మనమెందుకు విడిపోవాలి అన్నది ఆయన మొండిప్రశ్న. ముడి ఎక్కడ పడిందంటే, బిషప్పు చేతులుంచని పాస్టరు ఇచ్చే సంస్కారం చెల్లుతుందా అన్నచోట. ఆంగ్లికన్లకు చెల్లదు, తక్కినవాళ్లకు ఆ ప్రశ్నే అవమానం. ఉన్న పాస్టర్లందరినీ ఉన్నట్టుగా ఒప్పుకోవడం, ఇకమీదట పట్టాలన్నీ బిషప్పులే ఇవ్వడం, ముప్ఫై ఏళ్లలో అంతా సర్దుకుంటుందనడం, ఇదీ రాజీ. దానికి పాతికేళ్ల పైన కమిటీలు పట్టాయి. అజరయ్యగారు 1945 జనవరి 1న దోర్నకల్లో కన్నుమూశారు. సి.ఎస్.ఐ. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కేథడ్రల్లో పుట్టింది. నంద్యాలవైపు ఆంగ్లికన్లు కొందరు ఈ ఐక్యతకు ఒప్పుకోక 1970ల దాకా విడిగానే ఉండిపోయారు.

బొమ్మ ప్రశ్నకు నా చివరి మాట ఇది. 1912 నుంచి 1945 దాకా ముప్ఫై రెండేళ్లు. అన్నేళ్లలోనూ సొంత డయాసిస్ చేతిలో ఉన్న భారతీయ ఆంగ్లికన్ బిషప్ ఆయన ఒక్కడే. సహాయ బిషప్పులుగా ఒకరిద్దరిని చేశారు, డయాసిస్ ఇవ్వలేదు. ఆయన పోయాక దోర్నకల్ కుర్చీలో కూడా ఎలియట్ అనే పరదేశీయుణ్ణే కూర్చోబెట్టారు. మంచి మనిషి, తెలుగు వచ్చినవాడు, అది వేరే సంగతి. కాబట్టి "ఒక్కణ్ణి పెట్టి చూపించుకున్నారు" అన్న నింద పెట్టినవాళ్ల మీద వేయండి, నేను అడ్డుపడను. పెట్టించుకున్నవాడి మీద వేయకండి.

నంద్యాల పేరొచ్చింది గనుక ఇంకొక్కటి. 2013 సెప్టెంబరు 30న నంద్యాల కేథడ్రల్లో పుష్పలలితగారిని బిషప్‌గా అభిషేకించారు. సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్ ఆవిడే. ఇంగ్లండు సంఘంలో మొదటి మహిళా బిషప్ వచ్చింది 2015 జనవరిలో. అజరయ్యగారికి బిషప్‌గిరీ నేర్పామనుకున్నవాళ్లకంటే ఆయన పాత డయాసిస్ దాదాపు పదహారు నెలలు ముందుంది.

దోర్నకల్ వెళ్లడం సులువు. కాజీపేట-విజయవాడ లైన్లో జంక్షన్. కేథడ్రల్ పేరు ఎపిఫనీ కేథడ్రల్, అంటే జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన పండుగ పేరు. కట్టడానికి ఏళ్లూపూళ్లూ పట్టింది, 1939 జనవరి 6న, ఆ పండుగనాడే ప్రతిష్ఠ చేశారు. దూరం నుంచి గుమ్మటాలు, మినార్లు చూస్తే మసీదనుకుంటారు, లోపలి స్తంభాల మధ్యకు వెళితే గుడి మండపంలో ఉన్నట్టుంటుంది. తూర్పువాళ్లు తమ కానుకలతో వచ్చిన పండుగ కాబట్టి మన వాస్తు మనం పట్టుకొచ్చామని ఆయన ఉద్దేశం. చెప్పులు బయట విడిచి వెళ్లండి. వీలైతే ఉదయం ఆరాధన మొదలుకాకముందే వెళ్లి ఓ స్తంభం పక్కన కింద కూర్చోండి. లెక్చరరుగారిని కూడా తీసుకెళ్లండి, నేను ఖమ్మంలోనే ఉంటాను, వచ్చేటప్పుడు ఓ మాట చెబితే స్టేషనుకు వస్తాను.